కత్తెర కింద పెట్టి వినండి

మా మనవరాలు పేపరు చదివి వినిపిస్తానంటే నేను ముందు చేతిలో ఉన్నది కింద పెడతాను. కూర తరుగుతుంటే కత్తిని పక్కకు జరుపుతాను, చిరుగు కుడుతుంటే సూదిని బట్టకి గుచ్చేస్తాను. "వింటూ పని చేసుకోవచ్చుగా నానమ్మా, చెవులకీ చేతులకీ ఏం సంబంధం?" అంటుంది అది. సంబంధం ఉందే తల్లీ అంటాను. ఎలా ఉందో చెప్పాలంటే కుట్టుగది దగ్గర మొదలుపెట్టాలి.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో మా తోడికోడలు నన్ను వెంటబెట్టుకుని కుట్టుగదికి తీసుకెళ్ళింది. ఆవిడ నాకన్నా బాగా పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. మా బావగారు గోదాములో నిచ్చెన మీంచి పడి, నడుము దెబ్బతిని మంచం పట్టారు. మా ఆయనకి దొరికిన రోజు పని, దొరకని రోజు గుమ్మంలో కాపలా. అంచేత ఆ ఇల్లంతా అక్క సూది మీద నడిచేది.

కుట్టుగది మేడమీద ఉండేది. కింద హాల్లో మిషన్లు దడదడలాడుతుంటే పైన మాది చేతిపని, గొంతు పెంచకుండా మాట్లాడుకునేంత నెమ్మది. చొక్కా అంతా పూర్తయి, కాజాలూ గుండీలూ మాత్రం మిగిలి పైకి వచ్చేది. కాజా అంటే తెలుసుగా, గుండీ దూరే చీలిక. సన్న మొన కత్తెరతో చొక్కా ముందు పట్టీని చీల్చి, ఆ అంచు చుట్టూ దారంతో దగ్గర దగ్గరగా అల్లాలి. గుండీ వంకరగా పడితే పీకి మళ్ళీ కుట్టుకోవచ్చు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర పడ్డాక మాత్రం పడ్డట్టే. అందుకని కాజాలు చీల్చే పని అందరి చేతికీ ఇచ్చేవారు కాదు. అక్కకి ఇచ్చారు. నాకు గుండీలు.

ఎవరి కట్టకి వాళ్ళ రంగు దారం చుట్టాలి. అక్కది పసుపు, నాది ఆకుపచ్చ. తప్పు ఎక్కడ దొరికినా దారం చూస్తే చాలు, అడగక్కర్లేదు.

మా గదిలో ఇంకో పద్ధతి ఉండేది. అందరిలోకీ బాగా చదువుకున్నావిడని మేమే పంతులమ్మ అని పిలిచేవాళ్ళం. ఆవిడ కుట్టేది కాదు, కిటికీ పక్కన కూర్చుని మాకు చదివి వినిపించేది. ఆవిడ వాటా చొక్కాలు మేమందరం తలా కొన్ని పంచుకుని కుట్టి, ఆవిడ దారమే చుట్టేవాళ్ళం. మా పని చూసుకునే మేస్త్రిగారికి ఈ సంగతి తెలుసు, తెలియనట్టు ఉండేవారు. చదువు నడుస్తుంటే ఎవరూ కబుర్లాడరనీ, పని చకచకా సాగుతుందనీ ఆయన లెక్క.

వారపత్రికలో ఒక సీరియల్ వచ్చేది. వీధి దీపాలు వెలిగించేవాడి భార్య కథ. మొగుడికి చూపు మందగిస్తే, ఎవరికీ తెలియకుండా తనే నిచ్చెన మోసుకెళ్ళి దీపాలు వెలిగిస్తూ ఉంటుంది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఒక్కో దీపంలోంచీ కాస్త కాస్త నూనె తీసి దాచడం మొదలుపెడుతుంది. పట్టుబడుతుంది. కోర్టు బోనులో నిలబడుతుంది. న్యాయమూర్తి నోరు తెరవబోతాడు. సరిగ్గా అక్కడ పత్రిక మూతపడింది.

ఏం చెప్పను, మా గదిలో ఇంటి మనిషిని పోలీసులు పట్టుకుపోయినంత పనయింది. ఆవిడ నూనె ఎందుకు తీసిందో కథలో ఇంకా రాయనే లేదు. ఇంక చూడండి, ఒక్కొక్కరూ ఒక్కో కారణం కనిపెట్టారు. పసిపిల్లకి జ్వరమొచ్చి ఉంటుంది, రాత్రంతా దీపం కావాలి కదా అంది పసిబిడ్డ తల్లి. అత్తగారికి తెలియకుండా చదువుకోవడానికి అంది పంతులమ్మ. గుండీలన్నీ డబ్బాల్లో రంగులవారీగా వేరుచేసే ఆవిడ ఉండేది, గుండీల పిన్ని అనేవాళ్ళం, నోరు తెరిస్తే పదిమందీ కడుపు పట్టుకోవాల్సిందే. "ఊరంతా వెలుగు పంచి ఇంట్లో తడుముకుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? మంట పుట్టింది, నూనె పోసుకుంది" అంది. నేను, కళ్ళు కనబడని మొగుడి ముఖం ఒకసారి బాగా చూసుకోవాలనిపించి ఉంటుంది అన్నాను. కొత్త పెళ్ళికూతురు అలా కాక ఇంకెలా అంటుందిలే అని ఒకటే నవ్వు.

అక్క మాత్రం తల ఎత్తకుండా, "తీసింది. పట్టుబడింది. ఇంక ఎందుకైతే ఏంటి?" అంది.

మా కిటికీలోంచి చూస్తే కూడలిలో ఒక రాతి విగ్రహం కనబడేది. ఎప్పుడో వెనకటి కాలంలో ఊరిని గడగడలాడించిన న్యాయాధికారి. ముక్కు ఎప్పుడు విరిగిందో ఎవరికీ తెలియదు, ముక్కు తాత అనేవాళ్ళం. దొంగతనం చేశాడని సొంత బావమరిదినే జైలుకి పంపాడట. ఆ మాట విగ్రహం కింద పలక మీద చెక్కి ఉండేది, పిల్లలకి బళ్ళో కూడా అదే చెప్పేవారు.

అయితే ఇక్కడ ఒకటి చెప్పాలి. మా మేస్త్రిగారిని కూడా ముక్కు తాత అంతటి మనిషి అని యజమాని మెచ్చుకునేవాడు. ఎందుకంటే ఆయన బావమరిది కింద కటింగ్ బల్ల దగ్గర పనిచేస్తూ ఒకసారి బట్ట దొంతర మొత్తం ఒక సైజు తక్కువగా కోసేశాడు. మేస్త్రిగారు ఒక్క మాట అడగకుండా ఆ పూటే అతన్ని పంపించేశారు. ఆ కుర్రాడు ఇంకో వీధిలో ఇంకో కొట్టు చూసుకున్నాడు, తన అక్క, అంటే మేస్త్రిగారి భార్య, గడప మళ్ళీ తొక్కలేదు. గుండీల పిన్నిది మేస్త్రిగారి పక్కిల్లే. ఆ మర్నాటినుంచీ మేస్త్రిగారి భార్య మొగుడితో పోట్లాడిందీ లేదు, మాట్లాడిందీ లేదు, భోజనం వడ్డించి గిన్నెల మీద మూతలు మాత్రం కాస్త గట్టిగా పెడుతుంది అని పిన్ని చెప్పేది.

సీరియల్ ఆగిపోయిన దిగులులో ఉండగా పంతులమ్మే అంది, "ఆ న్యాయమూర్తి నోరు పత్రికవాళ్ళు మూసేశారు. మనకి కిటికీలో ఒకాయన ఉన్నాడుగా. దీపాలావిడ చేత ఆయనకే ఉత్తరం రాయిద్దాం." ఒకరు కథలో మనిషి, ఇంకొకరు రాతి మనిషి. సరే కానివ్వమన్నాం. అక్క తప్ప అందరం తలో మాటా అందిస్తే పంతులమ్మ రాసింది. మొదటి ఉత్తరంలో గుండీల పిన్ని చెప్పిన వాక్యం ఇంకా నాకు నోటికి ఉంది:

"న్యాయాధికారి గారికి నూనె దొంగ నమస్కారం. బావమరిదిని జైలుకి పంపి ఇంటికి వెళ్ళిన రోజు మీ ఆవిడ మీకు భోజనం పెట్టిందా, లేక చట్టప్రకారం మీరే వడ్డించుకున్నారా?"

నవ్వుకుని, ఆ కాగితాన్ని కత్తెర కింద పెట్టి ఇళ్ళకి వెళ్ళిపోయాం. మర్నాడు పొద్దున్న వచ్చేసరికి అదే కత్తెర కింద ఇంకో కాగితం ఉంది. చొక్కా నమూనా గీసే మందపాటి కాగితం వెనక, నీలం పెన్సిలుతో, ముత్యాల్లాంటి అక్షరాలు.

"న్యాయస్థానం భోజనాల సంగతి విచారించదు. నూనె తీసితివా లేదా, అది చెప్పుము."

నీలం పెన్సిలు ఉండేది ఒక్క చోటే, మేస్త్రిగారి చెవి మీద. ఆయన గదిలోకి వచ్చారు, కట్టలు చూశారు, దారాలు చూశారు, వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగాక అప్పుడు ఊపిరి వదిలాం. ఆ రోజునుంచీ అదొక కట్టుబాటు అయిపోయింది. రాసేది ఎవరో మాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకి తెలుసు, పైకి మాత్రం మాకు తెలిసింది ముక్కు తాత ఒక్కడే.

తర్వాతి ఉత్తరంలో దీపాలావిడ, తీశాను అని ఒప్పుకుంది. ఒప్పుకుని, మరి ఎందుకు తీశానో అడగరేం అంది. మా కారణాలన్నీ అందులో గుదిగుచ్చాం. జ్వరం, చదువు, మంట, మొగుడి ముఖం, ఏదీ వదల్లేదు. దానికి వచ్చిన జవాబుకి మాత్రం మా గది రెండుగా చీలింది.

"ఎందుకు అని అడిగినచో ప్రతివానికీ ఒక కారణముండును. నోరున్నవాడు తన కారణము చక్కగా చెప్పుకొనును, నోరు లేనివాడు చెప్పుకొనలేడు. ఒకని కథ విని కరిగి, ఒకని కథ వినక శిక్షించుట అన్యాయము. కావున నేను ఎవరిదీ వినను."

ఆయన చెప్పింది కొట్టిపారేసే మాటా కాదు. నోరు లేని మనిషికి ఆయనే దిక్కు కదా అంది పసిబిడ్డ తల్లి. వినకపోతే నోరెలా వస్తుంది అని పంతులమ్మ పోట్లాడింది. ఆశ్చర్యం ఏమిటంటే అక్క న్యాయాధికారి పక్షం.

దారిలో ఇంటికి వస్తూ అడిగాను, అదేంటక్కా అని. బావగారు పడిన వారంలో ఆవిడ కత్తెర దారి తప్పి ఒక కట్ట పాడైంది. అప్పుడు మేస్త్రిగారు అందరి ముందూ, ఇంకొక్క కట్ట పాడైతే కుర్చీ ఖాళీ చెయ్యాలి అన్నారు. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది అనుకుంటూ వచ్చాను నేను.

"అది కాదు గుచ్చుకుంది" అంది అక్క. "వెళ్ళేటప్పుడు ఒకావిడ, పోనీలెండి పాపం, మొగుడు మంచాన ఉన్నాడు అంది. అప్పటినుంచీ ఎవరు చూసినా నాకు ఆ పాపమే కనబడుతోంది. తప్పుకి తిట్టు తినచ్చు. జాలి తినలేం."

వినకుండా ఎలా తెలుస్తుందని దీపాలావిడ చేత ఇంకో ఉత్తరం రాయించాం. దానికి కొన్నాళ్ళు జవాబు రాలేదు. పంతులమ్మ రోజూ వస్తూనే కత్తెర ఎత్తి చూసేది. మేస్త్రిగారు అదివరకటిలాగే వచ్చి పోతూ ఉన్నారు, కాకపోతే కిటికీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడేవారు. పెద్ద ఆర్డరు మీద ఉన్నాం, మర్నాడు పొద్దున్నే కట్టలన్నీ బండెక్కాలి. ఆ రోజు పొద్దున్న కత్తెర కింద కాగితం ఉంది. ఒకటి కాదు, దొంతర. పని మొదలుపెట్టండి, చదువుతాను అంది పంతులమ్మ.

ఆ ఉత్తరంలో పాత కాలం మాటలు పోయాయి, మామూలుగా మనుషులు మాట్లాడుకునేట్టే ఉంది. అంత పొడుగు ఉత్తరంలో నాకు గుర్తున్నది ఇంతే.

"నూనె దొంగకి. నీ మొదటి ప్రశ్నకి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆ రోజు మా ఆవిడ భోజనం పెట్టింది. ఎదురుగా కూర్చుంది. నేను తిన్నంతసేపట్లో, వాడు చిన్నప్పుడు తన కొంగు పట్టుకుని తిరిగేవాడని ఒకే ఒక్క మాట అంది. ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. నేనూ నన్ను మెచ్చుకున్నాను. కానీ నిజం చెప్పాలి. నేను వాణ్ణి అడగనిది అందరూ సమానమని కాదు. అడిగితే వాడేం చెప్తాడో, విన్నాక పంపగలనో లేదో అని భయపడి అడగలేదు. నా వాడు కాబట్టి ఇంకా త్వరగా పంపాను. దాన్ని న్యాయం అన్నారు. ఇప్పుడు రాయినైపోయాను, అడుగుదామన్నా నోరు లేదు. వాడు ఎందుకు అలా చేశాడో నాకు ఈనాటికీ తెలియదు."

నా చేతిలో గుండీ అలాగే ఉండిపోయింది. గుండీల పిన్ని, ఆవిడ కూడా, డబ్బా మూత పెట్టడం మర్చిపోయి కూర్చుంది. అక్క ఒక్కతే ఆగలేదు. కత్తెర మొన ఆడుతూనే ఉంది, కరక్ కరక్ అని. ఎంత గట్టి మనిషో అనుకున్నాను.

సాయంత్రం మేస్త్రిగారు కట్టలు చూడ్డానికి వచ్చారు. ఒక కట్ట విప్పి, పై చొక్కా ఎత్తి, దాని కింది చొక్కా ఎత్తి, ఆగిపోయారు. మగవాళ్ళ చొక్కాలు అవి. కాజాలు ఎడమ పట్టీకి ఉండాలి. ఆ కట్టలో సగానికి పైగా చొక్కాలకి కుడి పట్టీ మీద చీల్చి ఉన్నాయి. చక్కగా, సమంగా, ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా, తప్పు పక్కన. ఆయన పక్కన పడేసిన కట్టు దారం పసుపు.

అక్క లేచి నిలబడింది. "నాదేనండి" అంది. బల్ల మీద తన సన్న కత్తెర, వేలి తొడుగు, మైనం ముక్క ఒక్కొక్కటీ సంచీలో వేసుకోవడం మొదలుపెట్టింది. మంచం మీద బావగారు, గుమ్మంలో మా ఆయన, పొయ్యి, అన్నీ కళ్ళ ముందు వరసగా తిరిగాయి. ఎవరైనా ఏదైనా అనరేం అని అందరి ముఖాలూ చూశాను. పసిబిడ్డ తల్లి నోరు తెరవబోతే అక్క ఒక్క చూపు చూసింది. ఆవిడ నోరు మూసుకుంది. పాపం అన్న మాట ఆ గదిలో ఇంకోసారి పుట్టడానికి వీల్లేదు, అదీ ఆ చూపు.

మేస్త్రిగారు చొక్కా చేతిలో పట్టుకునే ఉన్నారు. "ఎందుకైంది?" అన్నారు.

అక్క సంచీ మూతి బిగిస్తూ, "న్యాయస్థానం ఎందుకు అని అడగదు కదండీ" అంది.

అంతే. ఇన్నాళ్ళూ కత్తెర కింద దాచుకున్న మాట బల్ల మీద పడింది. ఆయన ముఖం ఎర్రబడింది, చెవి మీది పెన్సిలు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. కిటికీ వైపు చూశారు.

"పొద్దున వచ్చిన ఉత్తరం నువ్వు వినలేదా?" అన్నారు మెల్లగా. "అడిగి ఉండాల్సింది అని రాశాడు కదా ఆయన."

"విన్నానండి" అంది అక్క. "వింటూనే పాడుచేశాను."

ఆయన ముందు అర్థం చేసుకోలేదు. తర్వాత చేసుకున్నారు. చేతిలో చొక్కా వంక, మళ్ళీ అక్క వంక చూశారు. జ్వరమూ లేదు, మంచాన ఉన్న మొగుడూ లేడు ఆ కారణంలో. ఉన్నది ఆయన రాసిన కాగితమే. అక్క ఆయన ఉత్తరంలోకి వెళ్ళిపోయింది, చేతులు మాత్రం ఇక్కడ మిగిలాయి. జాలి పడడానికి ఆయనకి చోటే దొరకలేదు, ఆ తప్పులో ఆయనకీ వాటా ఉంది మరి.

అక్క కుర్చీలో ఆయనే కూర్చున్నారు. కుర్చీ పోయిందే అనుకున్నాను. ఆయన జేబులోంచి బ్లేడు తీసి, ఆ చొక్కా కుడి పట్టీ కుట్టు టకటకా తెంపడం మొదలుపెట్టారు.

"పట్టీలు విడిగా కోసి అతికించినవే. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ మార్చండి. కాలర్ దగ్గరా కింది అంచు దగ్గరా కొంచెం విప్పాలి, చిరగనీయకండి" అన్నారు. ఆగి, తల ఎత్తకుండానే, "నిలబడ్డావేం? నీ కట్టేగా, నువ్వూ కూర్చో" అన్నారు అక్కతో.

"నా కుర్చీలో మీరున్నారండి" అంది అక్క.

గుండీల పిన్ని ఫక్కుమంది. ఆ నవ్వుతో గది గదంతా తెరుచుకుంది. ఆయన కూడా ఏదో గొణుగుతూ లేచి, స్టూలు లాక్కున్నారు. కింద మిషన్లు ఆగిపోయాక కూడా, పొద్దు వాలేదాకా, అందరం ఆ చొక్కాల పట్టీలు విప్పాం, మార్చాం, కుట్టాం. ఆ సాయంత్రం ఎవరూ చదవలేదు. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా బల్ల మీద పడి, దారం పోగులన్నీ బంగారంలా కనబడటం నాకు ఇప్పటికీ గుర్తే. యజమానికి ఆయన ఏం చెప్పుకున్నారో మాకు తెలియదు. కట్టలు పొద్దున్నే బండెక్కాయి, అక్క కుర్చీ అక్కకే ఉంది.

ఒక్క కొత్త నియమం మాత్రం పెట్టారు. చదువు ఉండచ్చు. చీల్చేవాళ్ళు చదువు మొదలయ్యేముందు కత్తెర కింద పెట్టాలి, అయ్యాక తీసుకోవాలి. గుండీలు కుట్టేవాళ్ళు ఏమైనా చేసుకోవచ్చట. గుండీల వాళ్ళకి బుర్ర ఉండదనా అని పిన్ని చాలా రోజులు సణిగింది.

ఇక దీపాలావిడ తీర్పు సంగతి ఏమైందని పంతులమ్మ తొందరపెడుతుంటే, అంతవరకూ ఒక్క వాక్యం కూడా చెప్పని అక్క, నేను చెప్తాను రాయి అంది. చాలా చిన్న ఉత్తరం అది.

"అయ్యా, నా సంగతి వాయిదా వెయ్యండి, నాకు తొందర లేదు. మీరు రాయి కాలేదు ఇంకా. వెళ్ళి అడగండి."

దానికి కత్తెర కింద జవాబు రాలేదు. రోజూ చూశాం. ముక్కు తాత మూగబోయాడు, మనమే నోరు జారామేమో అని పంతులమ్మ బెంగపెట్టుకుంది. ఉత్తరాలు అంతటితో ఆగిపోయాయి. ఆవిడ మళ్ళీ ఏదో పాత కథల పుస్తకం పట్టుకొచ్చింది.

వానలు వెళ్ళిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, పంతులమ్మ ఇంకా చదువు మొదలుపెట్టకముందే మేస్త్రిగారు గదిలోకి వచ్చారు. కట్టలు చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి కిందికి చూశారు, గబగబా మెట్లు దిగిపోయారు. గుండీల పిన్ని ముందే మెడ సాచింది.

"వచ్చాడే" అంది. "బావమరిది."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరం కిటికీ మీద పడబోతుంటే వెనకనుంచి అక్క గొంతు. "ముందు కత్తెరలు కింద పెట్టండే" అంది.

పెట్టాం. పెట్టి చూశాం. ముక్కు తాత పాదాల దగ్గర ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేం కాదులెండి, రెండు చేతులూ గాల్లో చాచి ఏదో కొలుస్తున్నాడు. బట్ట ఇలా పరిచాను, కొలబద్ద ఇక్కడ పెట్టాను అన్నట్టు ఉంది. ఒక్క మాట కూడా మాదాకా రాలేదు. మేస్త్రిగారు మధ్యలో అడ్డం రాకుండా వింటున్నారు.

"ఎందుకో చెప్తున్నాడు" అంది పంతులమ్మ.

అక్క నా భుజం మీద చెయ్యి వేసి చూస్తూ నిలబడింది. తిరిగి కుర్చీల దగ్గరికి వచ్చాక కనబడింది, బల్ల మీద మా కత్తెరల పక్కనే నీలం పెన్సిలు. దిగేముందు ఆయనా తనది కింద పెట్టే వెళ్ళారు.